నార్త్ డకోటా షేల్ చమురును అన్నేళ్లు రైళ్లలో ఎందుకు పంపారు? పైపు వేస్తే పోయేది కదా?

ప్రశ్న అడిగినవారు మూడు సంగతులు కలిపి అడిగారు. అమెరికాలో నార్త్ డకోటా లాంటి మారుమూల రాష్ట్రంలో షేల్ ఆయిల్ (బిగుతైన రాతి పొరల్లో చిక్కుకున్న చమురు) పడ్డాక దాన్ని రైళ్లలో ఎందుకు తరలించారు? ముందే పైపులైన్ ఎందుకు వేసుకోలేదు? అదీ కాదంటే అక్కడే రిఫైనరీ కట్టుకుని డీజిల్ అమ్ముకోవచ్చు కదా? చివర్లో "అక్కడ ఉద్యోగం వస్తే వెళ్లొచ్చా" అని కూడా ఉంది. నేను 2011 చివరి నుంచి 2016 వేసవి వరకు ఆ రాష్ట్రంలోని విల్లిస్టన్ ఊరి చుట్టుపక్కల పనిచేశాను. మొదట రిగ్గుల మీద, తర్వాత చమురు కొలిచి బండికెక్కించే వైపు. అంతకుముందు రాజోలు వైపు కేజీ బేసిన్ రిగ్గుల మీద నాలుగేళ్లు. సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అసలు ముక్క చెప్పేస్తాను. నేనున్న రోజుల్లో అక్కడ బావి తవ్వడానికి మూడు వారాలు పట్టేది. పెద్ద పైపు వేయడానికి మూడేళ్లు. ఆ బావి దిగుబడి ఏమో మొదటి ఏడాదిలోనే అరవై డెబ్భై శాతం పడిపోతుంది. ఈ రెండు లెక్కలకూ ఎప్పుడూ పొంతన కుదరలేదు. మీరు విన్న మంటలు, రైలు ప్రమాదాలు, నిరసనలు చాలావరకు అందులోంచి పుట్టినవే.

అక్కడ చమురుందన్నది కొత్త సంగతేం కాదు. టియోగా అనే ఊరి దగ్గర 1951లోనే రాష్ట్రంలో మొదటి బావి పడింది. ఆ చమురు రాతి పొరకున్న బాకెన్ అన్న పేరు కూడా ఆ పక్కన పొలమున్న హెన్రీ బాకెన్ అనే రైతుది. కాని ఆ పొరలోంచి పెద్ద ఎత్తున చమురు రాబట్టడం యాభై ఏళ్లపాటు ఎవరి వల్లా కాలేదు. కడప బండ మీద నూనె పోసి ఎంత ఇంకుతుందో చూడండి, ఆ రాయీ దాదాపు అంతే. దాదాపు 10,000 అడుగుల లోతున మూడు పొరలు అతుక్కుని ఉంటాయి. పైనా కిందా నల్లటి షేల్, మధ్యలో ఇసుక, డోలమైట్ కలిసిన బూడిద రంగు రాయి. చమురు పుట్టింది నల్ల పొరల్లో, మనం తవ్వేది మధ్య పొరలో. అందుకే "షేల్ ఆయిల్" అన్న మాట ఇక్కడ పూర్తిగా సరికాదు. అయినా లోకం అలాగే అంటుంది, నేనూ అలాగే అంటాను.

ఆ మూడు పొరల మందమూ కలిపి మందమైన చోట కూడా దాదాపు 150 అడుగులు. రెండు మైళ్లు నిట్టనిలువుగా దిగి, బిట్‌ను (రాయిని తొలిచే మొనను) మెల్లగా వంచి, ఆ మధ్య పొరలోనే మరో రెండు మైళ్లు అడ్డంగా పోవాలి. కళ్లకు గంతలు కట్టుకుని ఎలా పోతారని మా నాన్న అడిగేవారు. దానికి ఆ నల్ల షేలే దారి చూపిస్తుంది. అందులో యురేనియం వగైరా ఎక్కువ కాబట్టి గామా కిరణాల రీడింగ్ చాలా ఎక్కువ. బిట్ వెనకాల ఉన్న పరికరం పంపే గామా గీత తక్కువలో నిలకడగా పోతుంటే మనం మధ్య పొరలో ఉన్నట్టు. ఉన్నట్టుండి పైకి లేచిందా, పై షేల్‌నో కింది షేల్‌నో తాకాం. ఏ షేలో తేల్చుకోవడమే రాత్రి షిఫ్టు టెన్షన్. పైదనుకుని కిందికి తిప్పితే, అది కింది షేలే అయితే, పని అయిపోయినట్టే. నాకు తెలిసిన ఒక జియాలజిస్టు ఆ గీతను చూస్తూ చల్లారిన కాఫీ నాలుగు కప్పులు వరుసగా పెట్టుకునేవాడు. ఒక్కటీ తాగేవాడు కాదు.

తవ్వాక ఫ్రాకింగ్. ఆ రెండు మైళ్లనూ ముప్పై నలభై ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలోకి నీళ్లు, ఇసుక విపరీతమైన ఒత్తిడితో కొట్టడం. రాయి పగులుతుంది, ఆ పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. దీని గురించి అందరూ రాశారు, నేను పొడిగించను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఒక బావికి కావలసిన నీళ్లు, ఇసుక, గొట్టాలు, వెనక్కి వచ్చే ఉప్పు నీళ్లు, చమురు, అన్నీ లెక్కేస్తే మొదటి ఏడాదిలో రెండు వేలకు పైగా లారీ ట్రిప్పులు. అవన్నీ గోధుమ లారీల కోసం వేసిన కంకర రోడ్ల మీద.

ఆ ఉప్పు నీళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. బాకెన్ నీళ్లు సముద్రపు నీటికంటే ఏడెనిమిది రెట్లు ఉప్పన. పైకి వచ్చే దారిలో చల్లబడి గొట్టం లోపల ఉప్పు గడ్డకట్టేస్తుంది. దాన్ని కరిగించడానికి మంచినీళ్లు మళ్లీ బావిలోకే పోయాలి. చమురులో మైనం కూడా ఉంటుంది, చలికి అదీ పేరుకుంటుంది. వేడి నూనె పంపే బండి వచ్చి కరిగించి పోతుంది. ఇదంతా మైనస్ 30 డిగ్రీల్లో. చలికాలం పోతే హాయి అనుకుంటారేమో. మార్చి, ఏప్రిల్‌లో మంచు కరిగి రోడ్లు బురదగుంటలవుతాయి, కౌంటీవాళ్లు (మన జిల్లా అధికారుల్లాంటివాళ్లు) ఇరుసు బరువు మీద ఆంక్షలు పెడతారు. బావిలో చమురుంటుంది, ట్యాంకులు నిండిపోతాయి, బండి సగం లోడుతోనే పోవాలి. మన కోనసీమ లంకల్లో వరదలప్పుడు కొబ్బరికాయ దింపులు తీసి కూడా పడవ దొరక్క ఒడ్డున పోసి కూర్చుంటారే, అచ్చం అలాగే.

ఇక రవాణా. 2007లో రాష్ట్రం మొత్తం చమురు రోజుకు లక్షా పాతిక వేల బ్యారెళ్లకు అటూ ఇటూ. 2014 ఏప్రిల్‌లో అది పది లక్షలు దాటింది. ఏడేళ్లలో ఎనిమిది రెట్లు. పాత పైపులు మిన్నెసొటాలోని క్లియర్‌బ్రూక్ వైపు ఒకటి, వ్యోమింగ్‌లోని గర్న్‌సీ వైపు ఒకటి, అవి ఆ పాత లెక్కకు వేసినవి. పోనీ కొత్తది వేద్దామంటే ఎవరు డబ్బు పెడతారు? పైపు కట్టేవాడు ముందు చమురు కంపెనీల దగ్గర పదేళ్ల కాంట్రాక్టు అడుగుతాడు. రోజుకు ఇన్ని బ్యారెళ్లు పంపినా, పంపకపోయినా డబ్బు కట్టాలి. రెండేళ్లలో తన బావులు ఎలా ఉంటాయో తెలియని కంపెనీ పదేళ్లకు సంతకం పెట్టాలంటే చేతులు వణుకుతాయి.

రైలుకు ఆ బాధ లేదు. పట్టాలు వందేళ్ల కిందటే గోధుమల కోసం పడి ఉన్నాయి. పొలంలో గుండ్రంగా ఒక లూప్ ట్రాక్ వేసి, ట్యాంకులు నిలబెట్టి, లోడింగ్ చేతులు బిగిస్తే ఏడాదిలో టెర్మినల్ రెడీ. మొదటి పూర్తి చమురు రైలు 2009 డిసెంబర్ 31న స్టాన్లీ అనే ఊరి నుంచి ఓక్లహోమాలోని స్ట్రౌడ్‌కు బయల్దేరింది. ఒక్కో ట్యాంకు పెట్టెలో దాదాపు 700 బ్యారెళ్లు, రైలుకు నూరు పెట్టెలు, అంటే 70,000 బ్యారెళ్లు. 2013–14 నాటికి రాష్ట్రం చమురులో నాలుగింట మూడొంతులకు దగ్గరగా రైలు మీదే పోయేది. రోజుకు పది రైళ్లకు పైమాటే.

చాలామందికి తెలియని మాట ఇక్కడొకటుంది. రైలు ఖర్చు ఎక్కువ. తీరానికి చేర్చాలంటే బ్యారెల్‌కు పది, పదిహేను డాలర్లు. పైపుకు అందులో సగం. అయినా రైలునే ఎందుకు ఎంచుకున్నారంటే, పైపులన్నీ చివరికి దేశం మధ్యలోకి, ఓక్లహోమాలోని కుషింగ్ వైపుకి పోయేవి. అక్కడ అప్పటికే చమురు గుట్టలు పడి రేటు పడిపోయింది. సముద్ర తీరాల్లో రిఫైనరీలు మాత్రం బ్రెంట్ అనే అంతర్జాతీయ రేటుకు విదేశీ చమురు కొనేవి. 2011 నుంచి 2013 మధ్య ఈ రెండు రేట్లకూ తేడా ఒక్కో సమయంలో ఇరవై డాలర్లు దాటింది. రైలు ఫిలడెల్ఫియా వైపు తిరగగలదు, అవసరమైతే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆనకోర్టెస్‌కూ పోగలదు. పైపు ఒకసారి పాతితే తిరగదు. ఆ ఇరవై డాలర్ల తేడాలో రైలు కిరాయి పోను కూడా మిగిలేది. కాబట్టి పైపు లేక గతిలేక రైలెక్కారన్నది సగం నిజమే, మిగతా సగం మార్కెట్ లెక్క.

దీనికి మొదట ఏడ్చింది రైతులు. 2013–14 చలికాలంలో గోధుమ ఎలివేటర్ల (ధాన్యం నిల్వచేసి రైలెక్కించే గోదాముల) దగ్గర రైలు పెట్టెలు వారాల తరబడి రాలేదు. పట్టాలవే, ఇంజన్లవే, వాటి ముందు చమురు రైళ్లు. ఆ రైతుల్లోనూ రెండు రకాలు. అమెరికాలో భూమి కింద ఖనిజం సొంతదారుడిదే, మన దగ్గరలా సర్కారుది కాదు. పొలం కింద హక్కు ఉన్నవాడికి రాయల్టీ (చమురు రాబడిలో వాటా) చెక్కు. తాత ఎప్పుడో ఆ హక్కు అమ్మేసుకున్నవాడికి దుమ్ము, లారీల మోత, పొలంలో బావి, పైసా లేదు. పక్కపక్క పొలాలవాళ్లు చర్చిలో మాట్లాడుకోకపోవడం నేను చూశాను.

రైలు ప్రమాదాల మాట పైన అన్నాను కదా. 2013 జులై 6, కెనడాలోని క్యూబెక్‌లో లాక్-మెగాంటిక్ అనే చిన్న ఊరు. 72 ట్యాంకు పెట్టెల నిండా బాకెన్ చమురు, ఎక్కించింది నార్త్ డకోటాలోని న్యూ టౌన్‌లో, పోవాల్సింది న్యూ బ్రన్స్‌విక్ రిఫైనరీకి. రాత్రి రైలును ఊరికి ఎగువన మెరక మీద ఆపి డ్రైవర్ పడుకోవడానికి వెళ్లాడు. ఇంజన్‌లో మంట వస్తే ఆర్పడానికి ఇంజన్ ఆపేశారు. ఇంజన్ ఆగితే గాలి బ్రేకులు మెల్లగా వదిలేస్తాయి. చేతి బ్రేకులు చాలినన్ని వేసి లేవు. రైలు దానంతటదే దొర్లి, పదకొండు కిలోమీటర్లు వచ్చి, ఊరి నడిబొడ్డున పట్టాలు తప్పింది. 47 మంది చనిపోయారు.

విచారణలో తేలిన ఇంకో సంగతి మా వైపు వాళ్ల నోరు మూయించింది. ఆ చమురును కాగితాల్లో తక్కువ ప్రమాదకరమైన తరగతిలో రాశారు. బాకెన్ చమురు చాలా పల్చన, అందులో ప్రొపేన్, బ్యూటేన్ లాంటివి కరిగి ఉంటాయి, తేలిగ్గా ఆవిరవుతుంది. అది నాకు పుస్తకాల్లో కాదు, ట్యాంకు మీద తెలిసింది. 2013 జనవరిలో ఒక రాత్రి, బావి దగ్గర ట్యాంకు కొలవాలి. మెట్లెక్కి పైన మూత తీసి, ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి వదిలి, ఎక్కడిదాకా తడిసిందో చూడాలి. గాలి లేదు. మూత తెరవగానే తియ్యటి వాసన, మోకాళ్లు మెత్తబడ్డట్టయింది. కింద నిలబడ్డ ట్యాంకర్ డ్రైవర్ గట్టిగా అరిచి, రెండంగల్లో పైకొచ్చి నా కోటు కాలర్ పట్టి వెనక్కి లాగాడు. నేను పనిచేసే కంపెనీ అప్పటికి మాకు గ్యాస్ పసిగట్టే మీటరు ఇవ్వలేదు, ఇద్దరు కలిసి ఎక్కాలన్న నియమమూ లేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వ హెచ్చరికలో చదివాను. 2010 నుంచి 2015 మొదటి నెలల వరకు దేశంలో ఇలా ట్యాంకు మూతల దగ్గరే తొమ్మిది మంది పోయారట. వాళ్లలో కొందరు మా రాష్ట్రంలోనే.

2013 డిసెంబర్ 30న నార్త్ డకోటాలోనే కాసెల్టన్ దగ్గర మరో రైలు పేలింది, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. అప్పుడు కదిలారు. రైలెక్కించే ముందు చమురును వేడిచేసి తేలిక వాయువులు తీసేయాలని, ఆవిరి ఒత్తిడి 13.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకూడదని రాష్ట్రం 2015 ఏప్రిల్ నుంచి నియమం తెచ్చింది. పాత డాట్-111 పెట్టెల స్థానంలో మందపాటి డాట్-117 పెట్టెలు రావాలని అదే ఏడాది ఫెడరల్ ప్రభుత్వం ఆదేశించింది.

అయితే పైపు మంచిదే కదా అంటారు. బ్యారెల్ లెక్కన చూస్తే మనుషుల ప్రాణాలకు పైపే మేలు, నేనూ అదే ఒప్పుకుంటాను. కాని పైపు చప్పుడు చేయకుండా కారుతుంది. 2013 సెప్టెంబర్‌లో టియోగా దగ్గర ఒక రైతు గోధుమ కోస్తుంటే చక్రాలకు చమురు అంటింది. ఆరంగుళాల పైపుకు చిన్న చిల్లు, 20,000 బ్యారెళ్లకు పైగా పొలంలో. మరోచోట ఉప్పు నీళ్ల పైపు నెలల తరబడి కారి బ్లాక్‌టెయిల్ క్రీక్ అనే వాగులో కలిస్తే, 2015 జనవరిలో గాని కనుక్కోలేదు. చమురు పడ్డ నేల కొన్నేళ్లకు కోలుకుంటుంది, ఉప్పు పడ్డ నేల కోలుకోవడం కష్టం. ఉప్పుటేరు పక్కన పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న మన నగరంలో (కోనసీమ నగరం ఊరు) గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయినప్పుడు నేను విల్లిస్టన్‌లో ఉన్నాను. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడు మీటింగులో ఒకాయన "పైపుతో సమస్యే ఉండదు" అంటుంటే లేచి బయటికి వచ్చేశాను.

పెద్ద పైపు వచ్చింది. డకోటా యాక్సెస్. 1,172 మైళ్లు, 30 అంగుళాలు, ఇల్లినాయ్‌లోని పటోకా దాకా, 380 కోట్ల డాలర్లు. 2014లో ప్రకటించారు, 2017 జూన్ 1న చమురు పారింది. ఈలోగా ఏం జరిగిందో చూడండి. వంద డాలర్లున్న చమురు 2016 ఫిబ్రవరిలో ముప్పైకి దిగువన పడింది. 2012లో 218 దాకా వెళ్లిన రిగ్గుల సంఖ్య 2016లో ముప్పైకి దిగువకు వచ్చేసింది. నా ఉద్యోగమూ అప్పుడే పోయింది. పైపు తయారయ్యేసరికి దానికోసం గోల చేసినవాళ్లలో సగం మంది ఊళ్లో లేరు. తర్వాత రేటు కోలుకుని, 2019 నవంబర్‌లో ఉత్పత్తి రోజుకు 15 లక్షల బ్యారెళ్లు దాటింది, అది వేరే సంగతి.

నిరసనల సంగతి. పైపు మిస్సోరీ నది మీద కట్టిన ఒవాహీ జలాశయం కిందుగా, అక్కడి ఆదివాసులైన స్టాండింగ్ రాక్ సూ తెగకు కేటాయించిన రిజర్వేషన్ భూమికి అర మైలు ఎగువన దాటుతుంది. వాళ్ల తాగునీరు అదే. మొదట రాష్ట్ర రాజధాని బిస్మార్క్ నగరానికి ఎగువన దాటించే దారి కూడా పరిశీలించి వదిలేశారు. ఆ ఒక్క ముక్క తెలిశాక తెగవాళ్ల కోపం అర్థం చేసుకోవడానికి ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు. 2016 డిసెంబర్ 4న ఒబామా ప్రభుత్వం అనుమతి ఆపింది. మరుసటి ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఇచ్చింది. 2020లో కోర్టు సరైన పర్యావరణ అధ్యయనం చేయలేదని తప్పుపట్టి పైపు ఖాళీ చేయమంది, పై కోర్టు ఆ ఖాళీ చేసే ఆదేశాన్ని నిలిపేసింది. మా ఇంజనీర్లు అనుమతిని ఆఫీసు కాగితం అనుకున్నారు. అక్కడే దెబ్బతిన్నారు.

ఇందులో మెలిక ఏంటంటే, అదే నదికి ఎగువన ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో మాండన్, హిడాట్సా, అరికారా తెగలవాళ్లు చమురు రాయల్టీ తీసుకుంటారు. పైపు మూసేస్తే తమ రాబడి పడిపోతుందని వాళ్లు చెప్పుకున్నారు. 1947–53లో గారిసన్ డ్యామ్ కట్టినప్పుడు వాళ్ల మంచి భూములన్నీ సకకవియా సరస్సు కింద మునిగిపోయాయి. మిగిలిన మెట్ట భూమి కింద చమురు పడింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

రిఫైనరీ మాట. మాండన్‌లో 1954 నుంచి ఒకటి ఉంది. డికిన్‌సన్‌లో 2015లో రోజుకు 20,000 బ్యారెళ్లది కొత్తగా తెరిచారు. అమెరికాలో 1970ల తర్వాత ఖాళీ స్థలంలో కట్టిన మొదటి రిఫైనరీ అని పెద్ద ఆర్భాటం. రిగ్గులకు, లారీలకు డీజిల్ కావాలి కదా అన్నది లెక్క. తెరిచేసరికి రిగ్గులే ఆగిపోయాయి. ఏడాదికే అమ్మేశారు, తర్వాత కొన్నవాళ్లు సోయా నూనె నుంచి డీజిల్ తీసే ఫ్యాక్టరీగా మార్చారు. చమురులోంచి డీజిల్ ఒక్కటే రాదండీ. పెట్రోలు, నాఫ్తా, అడుగు సరుకు అన్నీ వస్తాయి. ఎనిమిది లక్షల జనాభా లేని రాష్ట్రంలో వాటిని ఎవరు కొంటారు? మళ్లీ రైలే ఎక్కించాలి.

మంటల గురించి అడగలేదు గాని చెప్పాలి. చమురుతో పాటు గ్యాస్ వస్తుంది. చమురును లారీలో పోయొచ్చు, గ్యాస్‌ను పోయలేం. పైపు లేకపోతే కాల్చేయడమే. 2014 మొదట్లో వచ్చిన గ్యాస్‌లో మూడోవంతుకు పైగా కాల్చేశారు. రాత్రిపూట ఉపగ్రహం ఫొటోల్లో ఆ ఖాళీ మైదానం మహానగరంలా మెరిసేది. చిన్నప్పుడు 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట అరవై అయిదు రోజులు చూసినవాణ్ని. ఇక్కడ రోడ్డుకు అటూ ఇటూ మంటలే, ఎవరూ తల తిప్పి చూడరు. ఆ ఏడాది నుంచే, బావికి పర్మిట్ అడిగేటప్పుడే గ్యాస్‌ను ఎలా పట్టుకుంటారో చెప్పాలన్న నియమం వచ్చింది. మెల్లమెల్లగా 91 శాతం పట్టుకోవాలన్న దాకా వచ్చారు.

ఇప్పుడు చమురులో అధిక భాగం పైపులోనే పోతోంది. లూప్ ట్రాకులు కొన్ని గడ్డి మొలిచి పడున్నాయి. ఇప్పటి చిక్కు గ్యాస్‌దే. బావులు పాతబడే కొద్దీ ప్రతి బ్యారెల్‌తో వచ్చే గ్యాస్ పెరుగుతోంది. చమురు పైపులో చోటుంటుంది, గ్యాస్ ప్లాంటులో ఉండదు, దాంతో చమురు బావినే బిగించాల్సి వస్తుంది. మీరు మిడ్‌స్ట్రీమ్ (బావి నుంచి రిఫైనరీ దాకా చమురు, గ్యాస్ చేర్చే పని) వైపు చదువుతుంటే పని ఉన్నది అక్కడే.

ఉద్యోగం విషయం. నేనున్నప్పుడు విల్లిస్టన్‌లో ఒక్క బెడ్‌రూమ్ అద్దె న్యూయార్క్‌తో పోటీ పడేది. మ్యాన్ క్యాంపులో (కార్మికుల తాత్కాలిక బసలో) డబ్బా లాంటి గదిలో రెండేళ్లు ఉన్నాను. కందిపప్పు కోసం మినియాపొలిస్ నుంచి వచ్చేవాళ్లను బతిమాలేవాణ్ని. ఇప్పుడు అంత లేదు, ఊరు జనాభా 2010లో పద్నాలుగు వేల ఏడు వందలు, 2020కి ఇరవై తొమ్మిది వేలు, ఇళ్లూ కట్టారు, స్కూళ్లూ ఉన్నాయి. జీతం బాగుంటుంది. ఆఫర్ వస్తే ఇంటర్వ్యూకి జూన్‌లో పిలిచినా, ఏదో వంక చెప్పి జనవరిలో వెళ్లి చూసి రండి. మీటరు ఇస్తారా, ట్యాంకు ఎక్కేటప్పుడు పక్కన ఇంకొకరు ఉంటారా అన్నవి జీతం కంటే ముందు అడగండి.